బండి లేని కాడి

దసరా బట్టలకని ఈ రోజు నిండు చూలాలైన నా భార్యను ఎడ్లబండిలో జహీరాబాద్ తీసుకెళ్లాను. బట్టల దుకాణం ముందు ఒక్క బండికే చోటుంది. అక్కడ ఎవరిదో ఉత్త కాడి పడేసి ఉంది. కాడి దించిన చోట ఇంకొకరు బండి విప్పకూడదని మా వైపు కట్టుబాటు.

పక్కనే బీడీ కాలుస్తున్నవాణ్ని బతిమాలాను. "అన్నా, ఈమె నడవలేదు. జర జాగ ఇయ్యి."

"మా బావ కోహీర్ నుంచి వస్తుండు. కాడి పెట్టినంక మాటలేంది?"

ఊరి చివర బండి విప్పి, ఆమెను ఎండలో నడిపించాను. తిరిగొచ్చేసరికి బావాబామ్మర్దులు ఆ కాడి మీదే కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"బండేది?" అన్నాను.

"బస్సుల వచ్చిండు," అని బామ్మర్ది నవ్వాడు.

మీరైతే ఆ కాడిని ఏం చేసేవారు? మా ఇంట్లో పొయ్యి కట్టెలు కూడా అయిపోయాయి.