మూడో భాగంలో బతికొచ్చిన అన్న

సూరత్‌లో లింబాయత్ పేటలోని మా తెలుగువాళ్ళకు ఆదివారం పొద్దుటి ఆట అంటే సదానందం ఆటే. హాలు అతనిది కాదు, సినిమా అతనిది కాదు. మరమగ్గాలు బాగుచేసుకుని బతికే మనిషి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలైనా సరిగా రాని వయసులో సూరత్ వచ్చి, మగ్గాల మోతకు ఒక చెవి సగం పోగొట్టుకున్నాడు. మిగిలిన చెవిన్నరతోనే సినిమా పిచ్చి పెంచుకున్నాడు. కొత్త తెలుగు బొమ్మ విడుదలైందంటే చాలు, పాతబడ్డ ఒక థియేటర్ శేఠ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆదివారం పొద్దున మావాళ్ళ కోసం ఒక ఆట వేయమని అడిగేవాడు. శేఠ్‌ది ఒకటే మాట: హాలు నిండితే వేస్తాను, నిండకపోతే మళ్ళీ నా గడప తొక్కకు.

హాలు నిండేది. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకునే రకం కాదు సదానందం. శనివారం పని దిగగానే గల్లీ గల్లీ తిరిగి, పెళ్ళికి పిలిచినట్టు గడప గడపకూ వెళ్ళి పిలిచేవాడు. ఎవరికి తగిన ఎర వాళ్ళకు వేసేవాడు. ముసలివాళ్ళకు సినిమాలో దేవుడి పాట ఉందనేవాడు. మగ్గాల పిల్లలకు ఫైట్లు లెక్క చెప్పేవాడు. ఆడవాళ్ళకు, కడుపారా ఏడవొచ్చు రండనేవాడు. మన పెండ్లికి గూడ నువ్వు గింత తిరగలేదని భార్య ప్రమీల దెప్పేది. అది నిజమే. నిండిన హాలు వెనక గోడకు ఆనుకుని, తెర వైపు కాకుండా మా తలల వైపు చూస్తూ నిలబడేవాడు చూడండి, అప్పుడు అతని ముఖంలో ఉన్న వెలుగు నేను పెళ్ళికొడుకుల ముఖాల్లో కూడా చూడలేదు.

అటువంటి రోజుల్లో వచ్చింది ‘మెరుపువీర’ మొదటి భాగం. హీరో కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. పిడుగుపాటుకు ఒంట్లోకి మెరుపు చేరుతుంది. అది వచ్చినందుకు సంబరపడడు పాపం. ఎక్కడ షాక్ కొడుతుందోనని కన్నతల్లిని ముట్టుకోవడానికి భయపడతాడు. అతనికొక అన్న ఉంటాడు. చదువు లేనివాడు, మొరటువాడు. చేతులకు రబ్బరు తొడుగులేసుకుని తమ్ముడికి అన్నం ముద్దలు కలిపి పెడతాడు. హీరో ఆకాశంలో ఎగిరితే మా హాల్లో ఈలలు పడ్డాయి. అన్న ముద్ద కలిపితే హాలంతా చప్పుడు లేకుండా కూర్చుంది.

ఆ అన్న తెర మీదికి వచ్చినప్పుడల్లా ఈల వేసిన ఒకే ఒక మనిషి ముత్యం. సదానందంతో ఒకే ఖాతాలో, అంటే ఒకే మగ్గాల షెడ్డులో, పనిచేసేవాడు, వరసకు కాకపోయినా పిలుపుకు అన్న. మా ఆయనకు హీరో పట్టడు, హీరో అన్ననే కావాలని అతని భార్య ఎల్లవ్వ నవ్వింది. ఎల్లవ్వ రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరల మూటలకు ఇంట్లో కూర్చుని దారాలు కత్తిరించేది. మా గల్లీ ఆడవాళ్ళలో ఆమె మాటకు తిరుగు లేదు. ఎల్లవ్వ సినిమాకు కదిలితే సగం గల్లీ కదిలినట్టే.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడు ముత్యం పోయాడు. పొద్దున దగ్గుతూ ఆటో ఎక్కినవాడు మళ్ళీ రాలేదు. ఎల్లవ్వకు కూడా జ్వరమే, గది దాటనివ్వలేదు. కూతురు సుమనను ఆసుపత్రి దరిదాపులకు రానివ్వలేదు. సదానందం ఒక్కడే వెళ్ళి గేటు బయట రోజంతా నిలబడ్డాడు. చివరికి నిలువునా జిప్పు వేసిన తెల్ల సంచిని బండిలోకి ఎక్కిస్తుంటే, ఎవరో పేరు చదివి చెప్పారు. తరవాత బూడిద నింపిన ఒక కుండ ఇచ్చారు. అప్పటి రోజులే అటువంటివి, ఎవరిని అనగలం?

ఎల్లవ్వ ఏడవలేదు. మొఖం చూడంది ఎట్ల నమ్మాలె అని ఒకసారి అన్నదట. పదో రోజు జరగలేదు, పెద్దకర్మ జరగలేదు. పెత్రమాస వచ్చింది. భాద్రపద అమావాస్య నాడు మావాళ్ళు పోయినవాళ్ళ పేరు చెప్పి గుడి అయ్యగారికి బియ్యం ఇస్తారు. ఇచ్చామంటే ఆ మనిషి పెద్దల్లో కలిసినట్టు. ఎల్లవ్వ ఇవ్వలేదు. ఎవరూ గట్టిగా అడగలేకపోయారు.

ఆ తరవాతి సంవత్సరం ‘మెరుపువీర’ రెండో భాగం వచ్చింది. పట్నాన్ని కాపాడబోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను వాటేసుకుని అన్న చనిపోతాడు. సినిమావాళ్ళు ఆ చావును బాగా తీశారు, ఒప్పుకోవాలి. శవాన్ని ఇంటి ముందు పడుకోబెట్టి, ముఖం మీద గుడ్డ తీసి, ఒక్కొక్కరూ వచ్చి ఆఖరి చూపు చూసేదాకా ఆగారు. తల్లి నోట్లో తులసి నీళ్ళు పోసింది. హాల్లో మధ్య వరసలోంచి ఒక ఏడుపు లేచింది. ఎల్లవ్వ. ఏడాదికి పైగా గొంతులో అడ్డం పడి ఉన్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని తామూ ఏడ్చారు. ఆట అయ్యాక కూడా కుర్చీల్లోంచి లేవలేదు. శేఠ్ మనుషులు తలుపు దగ్గర నిలబడి చూశారే గానీ పొమ్మనలేదు.

ఆ ఏడు పెత్రమాసకు ఎల్లవ్వ ముత్యం పేరు చెప్పి బియ్యం ఇచ్చింది. సుమన పెళ్ళయి సూరత్‌లోనే, నది అవతల అడాజన్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటోంది. అమ్మా నా దగ్గరికి వచ్చెయ్ అని ఎంత మొత్తుకున్నా కదలని మనిషి, సరే, ఈ గది ఖాళీ చేస్తానంది. పండుగలు పోనీ, మూటల పని ఒక కొలిక్కి రానీ అంటూ జరిపిందే గానీ వస్తాననే అంది. సదానందం ఈ సంగతి చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయాడు. నా ఆటతోని వదినె గండం గట్టెక్కింది అనేవాడు. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఆగనిచ్చేవాళ్ళా సినిమావాళ్ళు? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మన సామెత. వాళ్ళు దాన్నే పట్టుకుని వేలాడారు. మొదటి భాగంలో దుర్మార్గుడు ఒక బస్తీని మింగబోయాడు, రెండో దాంట్లో పట్నాన్ని. మూడో దాంట్లో ఏకంగా లోకాలకు లోకాలనే. లింబాయత్ మునుగుతుందంటే మా గుండె జారుతుంది గానీ, పేరు పలకడం రాని లోకాలు మునిగితే మాకేమిటి? పైగా మధ్యలో ఫోన్‌లో వచ్చిన ఎనిమిది భాగాల సీరియల్ చూస్తే తప్ప కథ ఎక్కదట. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడి వచ్చినవాడు సినిమాకు ముందు ఆ పాఠాలు చదువుకోవాలా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

విడుదలైన శుక్రవారమే హైదరాబాద్ నుంచి కబురు వచ్చేసింది, మూడో భాగం బాగాలేదని. శనివారం సదానందం గడప గడపకూ తిరిగాడు. తలకాయలు ఊపారు గానీ ఎవరూ వస్తామనలేదు. హాలు సగం కూడా నిండేట్టు లేదు. అన్నేళ్ళ మాట శేఠ్ దగ్గర పోతుందన్న భయం పట్టుకుంది మనిషిని. ఎల్లవ్వ వస్తే గల్లీ వస్తుంది. ఎల్లవ్వకు ఏ ఎర వేయాలి?

వెళ్ళి ఆమె గుమ్మంలో కూర్చుని, సినిమాలో దాచిపెట్టిన ముచ్చట కాస్తా ముందే విప్పేశాడు.

“అన్న సావలేదట వదినె. మూడో దాంట్ల తిరిగొస్తడట. వచ్చి చూడు, పానం నిమ్మళమైతది.”

ఎల్లవ్వ చేతిలో కత్తెర ఆగింది. ఎట్ల రాగలడు, అందరూ మొఖం చూసిన్రు గదా అని అడిగింది. ఆ శవం వేరేవాడిదట, అచ్చు ఆ పోలికే ఉన్న ఇంకో లోకపు మనిషిదట, అసలు అన్న ఎక్కడో బందీగా ఉన్నాడట అని సదానందం విన్నదంతా ఒప్పజెప్పాడు. తాను ఏం చెబుతున్నాడో, ఎవరికి చెబుతున్నాడో అతనికి తట్టలేదు. చెడ్డవాడు కాదు. ఆ ఘడియలో అతని కళ్ళ ముందున్నవి ఖాళీ కుర్చీలు, అంతే.

ఎల్లవ్వ వచ్చింది, గల్లీ వచ్చింది, హాలు నిండింది. తెర మీద పొగలోంచి అన్న నడుచుకుంటూ వచ్చాడు. ఈల పడుతుందని సదానందం వెనక గోడ దగ్గర ఎదురు చూశాడు. పడలేదు. ముందటి భాగంలో గుండెలు బాదుకున్న ఆడవాళ్ళే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో ముసలావిడ, మన ఏడుపు ఉత్తగ పోయిందే అంది. సగంలోనే లేచి పోవడం మొదలైంది. చివరిదాకా కదలకుండా కూర్చున్నది ఎల్లవ్వ ఒక్కతే.

ఆ తరవాత ఎల్లవ్వ గది ఖాళీ చేయనంది. సుమన బండి తీసుకుని వస్తే, సామాను సర్దలేదు. కారణం చెప్పలేదు. మరో పెత్రమాస వచ్చింది. బియ్యం ఇవ్వలేదు.

నాలుగో భాగం దేశమంతటా బోల్తా కొట్టింది. పదిహేను మంది వీరులు ఒకే తెర మీద ఎగిరినా, జనం లేక ఆటలు రద్దు చేశారు. టిక్కెట్టు ఎక్కువని ఒకరు రాశారు, గ్రాఫిక్స్ పాడని ఒకరు, జనం ఫోన్లకు అలవాటు పడ్డారని ఇంకొకరు. అన్నీ నిజాలే కావచ్చు. మా గల్లీలో మాత్రం ఒకటే మాట విన్నాను: ఎవడు సచ్చినా మళ్ళ లేస్తడు, ఇగ భయమేంది, ఏడుపేంది? శేఠ్ పిలిచి ఆట వేద్దామన్నా సదానందం వద్దన్నాడు. ఆ సినిమా ఎప్పుడొస్తుందని అడిగిన మనిషి లింబాయత్ మొత్తంలో ఎల్లవ్వ ఒక్కతే. రెండుసార్లు అతని ఇంటికి వచ్చి అడిగింది, అన్న ఇందులోనన్నా ఇంటికి చేరతాడా అని. తాను ఎవరికి ఏం చెప్పాడో అప్పుడు గానీ సదానందానికి తట్టలేదు.

ఆ వారంలోనే సుమన ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, కోపం వస్తే తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలుస్తాయి. “కాకా, మమ్మీ పప్పా కోసం ఆగింది. తను మా ఇంటికి వస్తే ఆయనకు ఇక్కడి పతా, అడ్రస్ తెల్వదంట. మీరే పిలిచిన్రు కదా సినిమాకు. అబ్ తమే చెప్పున్రి.”

ఈ ఏటి పెత్రమాస నాడు సదానందం తలస్నానం చేసి, కొత్త సంచిలో బియ్యం, చింతపండు, కూరగాయలు పెట్టుకుని ఎల్లవ్వ ఇంటికి వెళ్ళాడు. గుడి దగ్గర అయ్యగారు కూర్చున్నాడు, పద వదినె, అన్న పేరు చెప్పి ఇచ్చొద్దాం అన్నాడు. ఆమె చీర మూట పక్కకు జరిపి కూర్చోమంది. సినిమా అన్నది ఉత్త అబద్ధమని, పైసల కోసం సచ్చినోళ్ళను లేపుతారని, అది పట్టించుకోవద్దని సదానందం చాలాసేపు చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తప్పు నాది అన్నాడు.

ఎల్లవ్వ అంతా విన్నది.

“సినిమా అబద్ధమని నాకు తెల్వదా సదానందం? మూడోది అబద్ధమైతే రెండోది గూడ అబద్ధమే గదా. దాన్ని చూసి ఏడ్చిన. దాన్ని నమ్మి ఆయనకు బియ్యమిచ్చిన. పానమున్నోనికి ఇచ్చిన్నో ఏమో అని అప్పటి సంది నిద్ర లేదు నాకు.”

ఆమె అతని కళ్ళలోకి చూసి అడిగింది.

“నువ్వన్నా మొఖం చూసినవా?”

ఒక్క అబద్ధం చాలు. చూశాను వదినె అంటే ఆమె లేచి గుడికి వచ్చేది, నెలాఖరుకు అడాజన్‌లో మనవల మధ్య ఉండేది. ఊరంతటినీ కబుర్లతో హాలుకు తోలిన నోరు అది. ఆ నోటికి ఆ ఒక్కటీ రాలేదు. ఆమెకు ఇంకో అబద్ధం చూపించడానికి భయపడ్డానని నాతో తరవాత అన్నాడు.

“లేదు వదినె. గేటు బయటనే ఉన్న. సంచి చూసిన గంతే.”

ఆమె తల ఊపింది. కోపం లేదు. అతని చేతిలోంచి సంచి తీసుకుని, విప్పి, సోలెడు బియ్యం చేటలో పోసి రాళ్ళు ఏరింది. కడిగి పొయ్యి మీద పెట్టింది. పొద్దటి సంది ఏం తినకుంట వచ్చినట్టున్నవు, తిని పో అంది.

పెద్దలకని తెచ్చిన బియ్యం అది. గుడి మాట ఎత్తకుండా సదానందం కూర్చుని తిన్నాడు.