ఓర్విల్ ఊడ్చిన దారి

నెవాడాలో మా ఎడారికి ప్రభుత్వం 'అధ్యయన ప్రాంతం' అని పేరుపెట్టి చదవడం మొదలుపెట్టినప్పుడు నాది నల్ల జుట్టు. చదువు ఇంకా సాగుతూనే ఉంది. నేను చాలా దేశాల ఎడారులు తిరిగాను. ఒంటెల్ని చూశాను, దొంగల్ని చూశాను. ఇంత నిదానంగా చదివే విద్యార్థిని మాత్రం ఎక్కడా చూడలేదు.

ఆ చదువు పూర్తయ్యేదాకా, టైర్ల జాడ ఉన్నచోటే బండి నడపాలి. జాడ మాసిపోతే దారి లేనట్టే. అలాగని బాగుచేస్తే నేరం.

ఇసుక వాగు వెంట కొండ ఊటకు పోయే జాడ ఓర్విల్ టెనాంట్‌ది. అతని ఆవులు తాగే తొట్టి అక్కడే ఉంది, రోజూ పోయి నీళ్లు నింపాలి. తుంటి అరిగి గుర్రమెక్కలేని మనిషి. పాత ట్రక్కే గతి.

ఆ దారి చూడటానికి భూముల ఆఫీసు నుంచి కీగన్ అనే కుర్ర అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. చుట్టాలొస్తున్నారంటే మావాళ్లు పాత ఇనప మంచాన్ని ట్రక్కు వెనక కట్టి, ఇంటిదారి చదునుగా ఈడుస్తారు. ఓర్విల్ మరీ మర్యాదస్తుడు. ఊటదాకా ఈడ్చాడు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

కీగన్ మురిసిపోయాడు. "ఒక్క టైరు జాడ లేదండీ. ప్రకృతి తనంతట తనే కోలుకుంది."

"ఆ ప్రకృతి మన మంచమని చెప్పవయ్యా," అని భార్య నెడ్రా మొగుడి చెవిలో గొణిగింది.

ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు. "ఊరికే అడుగుతున్నా బాబూ, ఎవరైనా మంచమేదో ఈడ్చి ఉంటే?"

"అది బాగుచేయడం కిందికొస్తుందండీ. మేత హక్కు రద్దవుతుంది."

"అయితే ప్రకృతే," అన్నాడు ఓర్విల్.

కీగన్ ఫొటోలు తీసుకుని, వాగు మొదట్లో 'వాహనాలకు ప్రవేశం లేదు' అని పలక పాతించి వెళ్లాడు. ఎడారి సహజత్వానికి అంత మెరిసే పలక అవసరమే మరి.

"ఇన్నేళ్ల కాపురంలో నీచేత వంటిల్లు ఊడ్పించలేకపోయాను," అంది నెడ్రా. "ఊడవక ఊడవక కొండనే ఊడ్చావు."

ఓర్విల్ తెల్లారి పక్కింటివాళ్ల కంచరగాడిదను అడిగి తెచ్చాడు. నెడ్రా కళ్లెం పట్టుకుంటే, ట్రక్కు వెనక ఎక్కి, అక్కణ్నుంచి దాని వీపు మీదికి పాకాడు.

"నొప్పా?"

"లేదే."

"మొహం చూస్తేనే తెలుస్తోంది, ఎంత లేదో."

సాయంత్రం వచ్చాడు గాని దిగలేకపోయాడు. నెడ్రా కాఫీ పైకే అందించింది.

"ఆవులు తాగాయా?"

"అన్నీ తాగాయి," అన్నాడు ఓర్విల్, కంచరగాడిద మీదే కప్పు ఖాళీచేసి. "ఇంకొంచెం పొయ్యి. ఇక్కడ కాసేపుండేట్టున్నాను."