ఫోటోలో ఎత్తిన చెయ్యి

మాది నందికొట్కూరు దగ్గర పల్లె. మా ఊరి కొండను ఎలా కాపాడాలో జనాన్నే అడుగుతామని నిరుడు అటవీ శాఖవాళ్లు సభ పెట్టారు. పొదుపు సంఘం లీడర్‌నని నన్నూ పిలిచారు. ముందురోజు, గొర్రెలు కాసే మా పక్కింటి మద్దమ్మక్క వచ్చింది. "నేను పొద్దున్నే మందెంట కొండకు పోవల్ల. మేతకు రోంత జాగా ఇడిసిపెట్టమని నువ్వన్నా సెప్పు సుజాతా" అంది. సరేనన్నాను.

సభలో అంతా సార్లే మాట్లాడారు. నన్నెవరూ అడగలేదు, నేనూ లేవలేదు. చివర్లో ఫోటోగ్రాఫర్ "అందరూ చేతులెత్తండి" అంటే మాత్రం, పట్టుచీర కొంగు సర్దుకుని మరీ ఎత్తాను.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో వేసి, కింద "కొండపై మేత నిషేధానికి గ్రామస్థుల ఆమోదం" అని రాశారు.

సాయంత్రం మద్దమ్మక్క ఆ పేపరు పట్టుకుని సంబరంగా వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"మా కోసరం ఎంత పైకి చెయ్యెత్తి అడిగినావే తల్లీ! కింద ఏం రాసినారో సదువు."

చదివాను.

"మరి నువ్వేం సెప్పినావు?" అంది నెమ్మదిగా.

ఇప్పుడు ఆమె మందను రోడ్డు పక్కన మేపుకుంటోంది. గొర్రెల మెడగంటలు మా వీధిలో వినబడితే చాలు, నేను తలుపు చాటుకు పోతాను.