బిగుతు తగ్గని ప్యాంటు

బాబాయికి తెలుసా, తెలియదా? నా జుట్టంతా నెరిసింది, పిన్నీ బాబాయీ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మా పిన్ని దర్జీ. ఉద్యోగానికని పట్నం వెళ్ళిన నేను వాళ్ళింట్లోనే, మూడో అంతస్తులో ఉండేదాన్ని. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టు మిషను. వెలుతురు అక్కడే బాగుంటుందని సెలవు రోజుల్లో నేనూ ఆ కిటికీ కిందే చేరేదాన్ని. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె నోట్లో గుండుసూదులు, నా చేతిలో పుస్తకం.

బాబాయి సిటీబస్సు డ్రైవరు. మనిషి కంటే ముందు పొట్ట గుమ్మం దాటేది. ఆ పొట్టంటే పిన్నికి గర్వం. "ఊరికే వచ్చిందనుకున్నావా? నా చేతి వంట అది" అనేది. ఇంకోసారి వడ్డించమని ఆయన కంచం జరిపితే చాలు, ఆమె ముఖం విచ్చుకునేది. వాళ్ళ కాపురంలో ముద్దూ మురిపెమూ అన్నీ ఆ కంచం దగ్గరే.

రక్తంలో చక్కెర ఎక్కువైందని డాక్టరు బెదిరించినప్పుడు పిన్ని కూడా హడలిపోయింది. తీపి తగ్గించమని బతిమాలింది. "నువ్వు వండటం మానెయ్, నేను తినడం మానేస్తా" అని ఆయన నవ్వేశాడు. అదే మాట ఆయన బస్సులో టిక్కెట్లు కొట్టే కండక్టరమ్మ చెబితే మాత్రం తలకెక్కింది.

ఒక సాయంత్రం పచ్చమూత డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు.

"ఏంటండీ అది?"

"దోసకాయ ముక్కలే. కండక్టరమ్మ ఇచ్చింది. అన్నానికి ముందు ఇవి తింటే ఆకలి చచ్చిపోతుందట."

"ఆకలి చావడానికి నా వంట చాలదూ?" అంది పిన్ని.

అప్పటినుంచి 'కండక్టరమ్మ చెప్పింది' అనే మాట లేకుండా పూట గడిచేది కాదు. చిన్న కంచంలో తినాలట. అందులో సగం కూరలే ఉండాలట. టీలో చక్కెర వద్దట. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కూర్చోకుండా డిపో చుట్టూ నడవాలట. వండేది పిన్నే, వడ్డించేదీ పిన్నే, ఎంత వడ్డించాలో చెప్పేది మాత్రం ఇంకొకావిడ. ఆ డబ్బాని పిన్ని మూత రంగు వెలిసిపోయేలా తోమి పంపించేది.

"నువ్వు ఆ బస్సే ఎక్కుతావుగా. ఎలా ఉంటుందే ఆవిడ?" అని ఒకసారి నన్నడిగింది.

"మామూలుగానే ఉంటుంది పిన్నీ."

"సన్నగానా?"

"సన్నగానే."

మిషను ఆగింది. "ముల్లు కూడా సన్నగానే ఉంటుంది" అంది.

బాబాయి బరువు చూసుకునేవాడు కాదు. బస్టాండులో నాణెం వేస్తే బరువుతో పాటు జాతకం కూడా చెప్పే మిషనొకటి ఉండేది. "దాన్నెవడు నమ్ముతాడు? ప్యాంటు అబద్ధం చెప్పదు. నడుం దగ్గర వదులైందా, నేను తగ్గినట్టే" అనేవాడు. దర్జీ మొగుడు ఆ దర్జీ ముందే అనాల్సిన మాట కాదది.

ఒక మధ్యాహ్నం పుస్తకంలోంచి తలెత్తితే పిన్ని ఒళ్ళో బాబాయి యూనిఫాం ప్యాంటు కనిపించింది. వెనక కుట్టు దగ్గర గుడ్డ కొంచెం లోపలికి పట్టి నడుం బిగిస్తోంది.

"అదేంటి పిన్నీ?"

నోట్లోంచి సూదులు తీసింది. "వదులైతే ఆవిడ మాట గెలిచినట్టు. కాకపోతే ఈయనే విసిగి నా పెద్ద కంచం దగ్గరికొస్తాడు. చూసింది మింగేసి నీ పుస్తకం నువ్వు చదువుకో."

ఆయన తగ్గేకొద్దీ ఆమె కుట్టేది. ఆయన బెల్టు పెట్టుకునే మనిషి కాదు. అద్దం ముందు నిలబడి, హుక్కు పెట్టుకుని, "ఇంకా బిగుతేనే!" అని నిట్టూర్చేవాడు. చేతి గడియారం మాత్రం మోచేయి దాకా జారేది. దాన్ని బిగించడం పిన్ని సూదికి సాధ్యం కాలేదు.

చివరికి ఆయన నీరుగారిపోయాడు. చిన్న కంచం పక్కకి తోసి, "నా ఒళ్ళు నా మాట వినదే. పెద్దది పెట్టు. ఏముంటే అది వడ్డించు" అన్నాడు. పిన్ని పరుగులాంటి నడకతో వడ్డించింది. ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. ఆమె ముఖం విచ్చుకుంది.

మా ఇంటి మెట్లెక్కి వచ్చే అడుగులు ఎవరివో లోపల కూర్చునే చెప్పగలిగేవాళ్ళం. నోరు కట్టుకున్న రోజుల్లో బాబాయి ఈల వేసుకుంటూ ఒక్క ఊపున ఎక్కి వచ్చేవాడు. పెద్ద కంచం తిరిగొచ్చాక ఈల పోయింది. ఒక సాయంత్రం అడుగులు మెట్ల మధ్యలోనే ఆగిపోయాయి. కమ్మీ పట్టుకుని ఆయన రొప్పడం ముందుగదిలోకి వినిపించింది. పిన్ని మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. అడుగులు మళ్ళీ మొదలయ్యాకే చక్రం తిప్పింది.

"గెలిచానే" అంది నా వైపు చూడకుండా.

ఆయన స్నానానికి వెళ్ళగానే ప్యాంట్లు ముందేసుకుంది. గుడ్డకి కత్తెర వేయలేదు కాబట్టి అంతా లోపల మడతల్లోనే ఉంది. కుట్లు విప్పి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ చేసింది. ఎంత ఇస్త్రీ చేసినా పాత కుట్టు వెంట సూదిపోట్ల వరస మాత్రం పోలేదు.

పొద్దున్నే గదిలోంచి కేక. "ఏమే! ఇటు చూడు!"

జారిపోయే ప్యాంటు నడుం పిడికిట్లో పట్టుకుని బాబాయి బయటికొచ్చాడు. పిన్ని పొయ్యి దగ్గరనుంచి తిరగలేదు. ఆయన బొటనవేలు వెనక కుట్టు వెంట మెల్లగా కిందికి వెళ్ళి, మళ్ళీ పైకొచ్చింది. అది నేను చూశాను. తర్వాత గట్టిగా నవ్వి, ఫోను తీశాడు.

"కండక్టరమ్మా! వదులైందమ్మా! ఒక్క రాత్రిలో!" ఆ మాట పిన్ని వీపు వైపు చూస్తూ అన్నాడు. "మీరు చెప్పిందే నిజం. ఇవాళ్టినుంచి మళ్ళీ చిన్న కంచమే."

అన్నేళ్ళు దర్జీతో కాపురం చేసిన మనిషి వేలికి సూదిపోట్లు తగలకుండా ఉంటాయా? తెలిస్తే, ఆ సంతోషం ముందు కండక్టరమ్మకి ఎందుకు చెప్పాడు? తెలియకపోతే, పిన్ని వైపు ఎందుకు చూశాడు?

పిన్ని పొయ్యి ఆర్పింది. చిన్న కంచం తీసి బల్ల మీద పెట్టింది. భుజం దగ్గర చీరకి గుచ్చుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మిషను దగ్గరున్న సూదుల దిండుకి గుచ్చింది. చెప్పులేసుకుంది. బాబాయి ఇంకా ఫోనులో నవ్వుతూనే ఉన్నాడు.

"ఎక్కడికి పిన్నీ?" అన్నాను.

"ఎంత పెట్టాలో చెప్పిన ఆవిడే వచ్చి వండి పెడుతుందిలే" అని నన్ను దాటుకుని మెట్లు దిగింది. అడుగులు ఎక్కడా ఆగలేదు.