మొదటి ఏటి బండి వణుకు

మొన్న తాడేపల్లిగూడెంలో మా తమ్ముడు కొత్తగా విడుదలైన డీజిల్ పికప్పు చుట్టూ తిరుగుతూ మురిసిపోతుంటే, వెంట వచ్చిన మెకానిక్కు, "మొదటి ఏటి మోడల్ కొనకండి బాబుగారూ, లోపాలన్నీ పై ఏడు సరిచేస్తారు" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు కలుక్కుమంది.

మా పెళ్ళయిన కొత్తలో మావారు కొన్నది అలాంటి మొదటి ఏటి బండే. దాని వేషాలు అన్నీ ఇన్నీ కావు. ఇంజను ఆపితే మళ్ళీ నలుగురు తోస్తేగాని స్టార్టయ్యేది కాదు కనుక, టిఫినుకి ఆగినా, రైల్వే గేటు పడినా ఆపేవాళ్ళమే కాదు. ఆపకపోతే ఒకటే వణుకు. మా అత్తగారు ఒకసారి ఎక్కి దిగి, "నా పళ్ళన్నీ ఉన్నాయో లేదో చూడరా అబ్బాయ్" అన్నారు.

ఆ బండిలోనే గూడెం వైపు హేచరీ నుంచి, కొల్లేరు పక్కన మేము కౌలుకి తీసుకున్న చెరువుకి చేపపిల్లల్ని తెచ్చేవాళ్ళం. వెనక టార్పాలిన్ పరిచి, నీళ్ళు నింపి, పిల్లల్ని వదిలి, ఆ నీరు నిలవకుండా ఒక మనిషి కూర్చుని దారంతా చేత్తో కొడుతుండటం అందరి పద్ధతి. నీరు కదలకపోతే వాటికి ఊపిరాడదు. మేము ఎవరినీ కూర్చోబెట్టేవాళ్ళం కాదు, అయినా మా చేపపిల్లలే అందరివాటికన్నా హుషారుగా చెరువులోకి దూకేవి. మావారి హస్తవాసి మంచిదని ఊళ్ళో అనుకునేవారు, ఆయనా కాదనేవారు కాదు.

పై ఏడు అదే బండిలో కొత్త మోడల్ వచ్చింది. బానెట్ మీద గ్లాసుడు నీళ్ళు పెడితే తొణికేవి కావు. పాతదాన్ని నల్లజర్ల రైతుగారొకరికి అమ్మేసి ఆ కొత్తదాన్ని తెచ్చుకున్నాం. మొదటి లోడుకే దెందులూరు దగ్గర గేటు పడింది. మావారు దర్జాగా ఇంజను ఆపి, టీ తాగొద్దాం రమ్మన్నారు. గూడ్సు వెనక గూడ్సు వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే నీళ్ళలో చలనం లేదు, పిల్లలన్నీ తెల్లగా వెల్లకిలా తేలి ఉన్నాయి. రోడ్డు మీదే ఏడ్చేశాను. ఆ ఏడు పంట పోతే చెరువు మాకు మళ్ళీ ఇవ్వరు.

"ఇన్నాళ్ళూ ఆ వణుకే కాచిందేమోనండీ" అన్నాను.

మర్నాడే పాత బండి తిరిగి అడుగుదామని నల్లజర్ల వెళ్ళాం. రైతుగారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి, మేము నోరు తెరిచేలోగానే బండి స్టార్ట్ చేసి చూపించారు. "ఇంజను కింద రబ్బర్లన్నీ మార్పించేశానండీ. నడుస్తోందో ఆగిందో ఇప్పుడు చెవి పెట్టి వినాలండీ" అన్నారు. మావారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశారు. "చాలా బాగుచేయించారండీ" అని వచ్చేశారు.

రెండో లోడుకి నేనే వెనక కూర్చుని, చెరువు దాకా రెండు చేతులతోనూ నీళ్ళు కొట్టాను. అవి బతికాయి, చెరువూ మాకు నిలిచింది. నిజంగా ఆ వణుకే అంతకుముందు ప్రాణం పోసిందా, లేక అదంతా మా భ్రమా అన్నది నాకిప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకుని వెళ్తున్నారు, ఆ అనుమానం ఎవరికీ రాదు. బళ్ళూ చెప్పినట్టు వింటున్నాయి. ఒక లోపం బయటపడేసరికి బండినే అమ్మేసి ఇంకోటి తెచ్చుకుంటున్నారు. లోపంతో కాపురం చేసి దాని మంచి తెలుసుకునేంత కాలం ఎవరూ దేన్నీ ఉంచుకోవడం లేదు. మేము మాత్రం ఉంచుకున్నామా?