వదిన కూర్చుకున్న కంప్యూటరు

మా వదిన కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. రెడీమేడ్ చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో నూట పది మిషన్లున్నాయి. వాటిలో ఏది మొరాయించినా ముందు వినిపించే పిలుపు "నూనెక్కా!" అని. చేతిలో ఎప్పుడూ నూనెడబ్బా ఉంటుంది గనక ఆ పేరు. ఇరవై రెండేళ్ళ క్రితం గుండీలు కుట్టే పనికి చేరింది. మెకానిక్కు రాని ఒకరోజు తన మిషన్ తనే విప్పి బాగుచేసుకుంది. తర్వాత పక్కావిడ మిషన్, ఆ పక్కావిడ మిషన్. చివరికి సూపర్వైజరు గుండీల పని మాన్పించి స్క్రూడ్రైవర్ల పెట్టె ఆవిడ చేతికిచ్చాడు.

నేను ఆవిడకి ఆడపడుచుని. మా అన్నయ్య వాళ్ళ పైవాటాలోనే ఉంటాను, పోస్టాఫీసులో కౌంటరు పని. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదంతా నా కళ్ళతో చూసిందే.

పోయిన ఏడాది వదిన స్టోరు రూములో నిచ్చెన జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు కర్రముక్కల్లా బిగుసుకుపోయాయి. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ నొక్కుతూ ఉండమంది. పనికిరాని వస్తువును చేత్తో పట్టుకుని కూర్చోవడం వదినకి పుట్టుకతోనే చేతకాదు. బంతి రెండో రోజుకే మంచం కిందికి దొర్లిపోయింది.

అప్పుడు మా మేనకోడలు, అంటే వదిన కూతురు, తన ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టి, ఆటలాడే రిమోట్ ఒకటి తల్లి చేతుల్లో ఉంచింది. అది విమానం నడిపే ఆట. వదిన జన్మలో విమానం ఎక్కలేదు. మొదటి రోజు రన్‌వే మీదే పల్టీ కొట్టించింది. నాలుగో రోజుకి గాల్లోకి లేపింది. పది రోజులు తిరిగేసరికి, ఎదురుగాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని దిగడం నేర్చుకుంది. వేళ్ళు మెత్తబడ్డాయి, ఆట మాత్రం వదల్లేదు.

చిక్కల్లా ల్యాప్‌టాప్‌తో వచ్చింది. ఆటలో మబ్బులు వచ్చినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి కదిలేది. అడుగుభాగం ఎంత వేడెక్కేదంటే, "దీనిమీద చొక్కా ఇస్త్రీ చేసుకోవచ్చే" అంది వదిన. "ఇది ఆఫీసు పనికి కొన్నదమ్మా, ఆటలకి కాదు" అంది కూతురు. "మరి ఆటలకి ఏది?" అని అడిగింది వదిన. ఆ ఒక్క ప్రశ్నే, మూడు వారాలు మా ఇంట్లో ఇంకో మాట వినపడకుండా చేసింది.

ఆటల కంప్యూటరు కొనుక్కోవచ్చు, లేదా విడిభాగాలు ఎంచుకుని ఇంట్లోనే కూర్చుకోవచ్చు అని మేనకోడలు చెప్పింది. రెండో మాట వినగానే వదిన మొదటి మాట మర్చిపోయింది.

"ఈ వయసులో నీకు ఆటేంటి, దానికో మిషనేంటి?" అన్నాడు అన్నయ్య. అన్నయ్య పుస్తకాలు బైండింగు చేస్తాడు. ఎవరినీ నొప్పించే మనిషి కాదు, కాని కొత్త సంగతి ఏదైనా మొదట కాదనడం ఆయన అలవాటు.

"మీరు ఆదివారం ఆదివారం చేపలు పట్టుకొస్తారా?"

"లేదు. ఊరికే గాలం వేసి కూర్చుంటాను."

"నేనూ అంతే. ఊరికే ఎగురుతాను."

అన్నయ్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వదిన గీతల నోటుబుక్కు ఒకటి తీసింది. ఒక్కో భాగానికి ఒక్కో పేజీ. పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేది. ఆ ఆటకి ఏమేం కావాలో ఆట తయారుచేసినవాళ్ళే ఒక పట్టిక ఇచ్చారు. ముందు దాన్ని రాసుకుంది. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మొదట ఎంచుకుని, దానికి తగ్గట్టు పని అందించే ప్రాసెసర్ వెతికింది. అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్ ఎందుకు వద్దో నాకు ఇలా చెప్పింది:

"చూడమ్మాయ్, మా దగ్గర కత్తిరించేవాడు ఒకడు, కుట్టేవాళ్ళు పదిమంది. వాడు నిదానమైతే పదిమందీ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. వాడు మరీ జోరైతే గుడ్డలు గుట్టలు పడతాయిగాని చొక్కాలు పెరగవు. ఇదీ అంతే. ఒకళ్ళకొకళ్ళు సరిపోవాలి."

నేను కంప్యూటరు లోపల ఏముంటుందో ఎన్నడూ చూసినదాన్ని కాదు. అయినా ఆ క్షణాన నాకంతా అర్థమైపోయింది.

తప్పులు చెయ్యలేదని కాదు. భాగాలన్నీ అమరే ఒక మదర్‌బోర్డు ఎంచుకుని, దానికి మెమొరీ కూడా రాసిపెట్టుకుంది. రెండు రోజుల తర్వాత బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే, బోర్డు పాత తరానిది, మెమొరీ కొత్త తరానిది. మెమొరీ పట్టీ అడుగున ఉండే గంటు ఒకదానికి ఒకచోట, ఇంకోదానికి ఇంకోచోట. తలకిందులుగా తపస్సు చేసినా అందులో దిగదు. ఆ పూట వదిన సరిగ్గా అన్నం తినలేదు. "గుడ్డిగా రాశాను" అంది రెండుసార్లు. పేజీ చింపెయ్యలేదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన "గంటు చూడాలి" అని రాసుకుంది.

పవర్ సప్లై దగ్గర తల్లీకూతుళ్ళకి వాదన వచ్చింది. వదిన మంచిరకంది కావాలంది. కూతురికి ఆ డబ్బుతో భాగాలన్నీ బిగించడానికి అద్దాల డబ్బా, రంగుల దీపాలు కావాలి.

"పవర్ సప్లై కనిపించదు కూడా అమ్మా. దానికెందుకంత?"

"కనిపించనిదే అన్నిటికీ అన్నం పెట్టేది. నాసిరకం కరెంటు బోర్డు బిగించి మా దగ్గర ఒకేపూట మూడు మోటార్లు మాడ్చారు. ఆ కంపు నాకింకా గుర్తుంది."

"చూడ్డానికి బాగుంటుందని అన్నాను."

"పైన పటారం లోన లొటారం నాకొద్దు."

డబ్బా విషయంలోనూ అంతే. ముందువైపు జల్లెడలా చిల్లులుండి, దుమ్ము పట్టే వడపోత ఊడదీసి కడుక్కునే వీలున్నది ఎంచుకుంది. నూలుపొగు పీల్చి పీల్చి మిషన్లు ఎలా చస్తాయో ఇరవై రెండేళ్ళుగా చూసిన మనిషి. గాలి ముందునుంచి రావాలి, వెనకనుంచి పోవాలి, మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు అని ఖచ్చితంగా చెప్పింది.

ఇంతలో ఒక సాయంత్రం వర్క్‌షాపు నుంచి మందపాటి గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చింది. చొక్కా నమూనాలు కత్తిరించే కాగితం అది. ప్రతి భాగం పొడవూ వెడల్పూ నోటుబుక్కులో చూసుకుంటూ, అసలు కొలతకి కాగితాలు కత్తిరించింది. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం లావు కూడా తెలియాలని రెండంచులూ మడిచి అంటించింది. అన్నయ్య చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావే."

"మీరు అట్ట కొలవకుండా కోస్తారా?"

ఆయన వెళ్ళి తన స్టీలు స్కేలు తెచ్చిచ్చాడు. బైండింగువాళ్ళ స్కేలు, అర మిల్లీమీటరు కూడా తేడా రాదు.

శనివారం మధ్యాహ్నం వదినా నేనూ కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాం. కళ్ళజోళ్ళ దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి పోవాలి. గోడ నిండా అట్టపెట్టెలు. దుకాణదారు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదగానే లేచాడు.

"బాబుకా అమ్మా?"

"బాబు లేడు."

"పాపకా మరి?"

"పాప ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. నాకే."

"మీకా? ఆఫీసు పనికయితే చిన్నది చాలమ్మా..."

"ఆఫీసు పనికి కాదు. ఆడుకోవడానికి."

ఆయన నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను, నవ్వాపుకోవడానికి.

వదిన నోటుబుక్కు తెరిచి బల్లమీద పెట్టింది. ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. చదువుతున్నకొద్దీ మాట తగ్గింది. చాలావరకు ఉన్నాయన్నాడు. ఆవిడ రాసిన డబ్బా మాత్రం లేదు. బదులుగా ఒక అద్దాల డబ్బా చూపించాడు, మూడు ఫ్యాన్లు ఏడు రంగుల్లో వెలుగుతున్నాయి.

"ఇందులో కార్డు పడుతుందా?"

"భేషుగ్గా పడుతుందమ్మా. పెద్ద పెద్ద కార్డులే పడతాయి."

"ఒకసారి పక్క తలుపు తీస్తారా?"

తీశాడు. వదిన సంచిలోంచి కాగితం కార్డు తీసి, మదర్‌బోర్డు నమూనా సరైన చోట ఆనించి, దాని గాడి దగ్గరనుంచి కార్డును ముందుకి పెట్టింది. కాగితం చివర ముందు ఫ్యానుకి తగిలి వంగింది. రెండు వేళ్ళ మందం ఎక్కువ.

ఆయన వంగి చూశాడు. కాగితం తీసి మళ్ళీ పెట్టి చూశాడు. తన బల్ల సొరుగులోంచి టేపు తీసి ఆ కాగితాన్నే కొలిచాడు. కాగితంలో తప్పు లేదు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"కుట్టుమిషన్ల మెకానిక్కుని."

ఆయన తల పంకించి, కుర్చీ తెచ్చి వేశాడు. "మీరు రాసిన డబ్బా గోడౌనునుంచి తెప్పిస్తాను, అరగంట కూర్చోండి" అన్నాడు. టీ తెప్పించాడు. ఆ అరగంటలో ఇద్దరు కుర్రవాళ్ళు డబ్బా కొనడానికొస్తే, అందులో కార్డు పట్టే పొడవు కొలిచాకే మాట్లాడాడు. నేను పోస్టాఫీసులో ఇన్నేళ్ళుగా రకరకాల మనుషుల్ని చూశాను. గౌరవం అడిగి పుచ్చుకున్నవాళ్ళున్నారు, అరిచి పుచ్చుకున్నవాళ్ళున్నారు. గొంతు పెంచకుండా కాగితం ముక్కతో పుచ్చుకున్న మనిషి మా వదినే.

మర్నాడు ఉదయం భోజనాల బల్ల ఖాళీ చేసి, తెల్ల దుప్పటి పరిచి మొదలుపెట్టింది. కూతురికి డ్యూటీ ఉంది. ఉండిపోతానంటే, "వెళ్ళు, నీ పని నువ్వు చేసుకో" అని పంపేసింది. అన్నయ్యకి ఒక పని అప్పగించింది: మాన్యువల్లో చీమతలకాయంత అక్షరాలు భూతద్దం పెట్టి పైకి చదవడం. ఆయన వార్తలు చదివినట్టు గంభీరంగా చదివాడు. ప్రాసెసర్ని గాడిలో దించేటప్పుడు మాత్రం వదిన చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. ఊపిరి బిగబట్టి దించింది. అది బరువు లేకుండా దానంతటదే కూర్చుంది. "ఇక చదవండి" అంది.

మధ్యాహ్నానికి అంతా బిగించి, తీగలు వెనకనుంచి లాగి, జడ అల్లినట్టు కట్టి, స్విచ్చి నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద "సిగ్నల్ లేదు" అన్న మాట తప్ప ఏమీ రాలేదు.

అన్నయ్య, "దుకాణం వాణ్ణి పిలుద్దామా?" అన్నాడు మెల్లగా. వదిన స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "నాకు టీ ఇవ్వండి" అంది. టీ పూర్తిగా తాగింది. తర్వాత ఒక్కొక్క తీగా వేలితో తడుముతూ వచ్చింది. ఏదీ వదులుగా లేదు. మళ్ళీ కరెంటిచ్చి, ఈసారి తెరవైపు కాకుండా బోర్డువైపు చూసింది. ఒక మూల చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. దాని పక్కన ఏదో రాసి ఉంది. అన్నయ్య భూతద్దంతో వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఆ గుర్తు మాన్యువల్లో వెతికాడు.

"మెమొరీ అంటోంది."

వదిన కరెంటు తీసేసి, మెమొరీ పట్టీలు చూసింది. రెండోది ఒక చివర దిగింది, ఇంకో చివర వెంట్రుకవాసి పైకుంది. ఆవిడ ముఖం చూస్తే నాకు సంగతి తెలిసిపోయింది. విరిగిన చెయ్యి గదా, నొప్పెడుతుందేమోనని సగం బలంతోనే నొక్కింది.

"నేను నొక్కనా?" అన్నాడు అన్నయ్య.

"వద్దు. భయపడి ముట్టుకుంటే ఏ మిషనూ మాట వినదు. మా మిషన్ల దగ్గర పిల్లలకి రోజూ నేనే చెప్తాను ఈ మాట."

కుడి బొటనవేలు ఆనించి, భుజం బరువంతా దింపింది. టక్కుమంది. ఈసారి తెర వెలిగింది, తెల్లటి అక్షరాలు వరసగా వచ్చాయి. వదిన రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంది, శుభ్రంగానే ఉన్న చేతుల్ని. అన్నయ్యే ఆ అక్షరాలన్నీ భూతద్దం పెట్టి పైకి చదివాడు, ఎవరూ అడక్కపోయినా.

సాయంత్రం మేనకోడలు వచ్చి పక్క తలుపు తీసి లోపల చూసింది. తీగల అల్లిక మీద వేలు పెట్టి, "అమ్మా, దీన్ని ఫోటో తీసి మా ల్యాబులో చూపిస్తాను" అంది. చూపించింది కూడా. వర్క్‌షాపులో సంగతి తెలిసి, కాలర్లు కుట్టే ఇద్దరమ్మాయిలు తమకీ నోటుబుక్కు కావాలన్నారు. నెల తిరక్కుండా దుకాణదారు ఫోన్ చేశాడు, ఒక బేరానికి డబ్బా విషయంలో సందేహం ఉంది, కొంచెం చూసి చెప్తారా అని. వదిన చూసి చెప్పింది. నేను మా కౌంటరు దగ్గర ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. స్టాంపులు కొనడానికొచ్చినవాళ్ళు కూడా విని పోతుంటారు.

ఇంటర్నెట్లోంచి ఆట దిగడానికి ఒక రోజు పట్టింది. కంప్యూటరు వెలిగిన మర్నాడు, సోమవారం, పని నుంచి వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. మబ్బులొచ్చాయి. బొమ్మ ఆగలేదు. విమానం మబ్బుల్లోంచి పైకి వచ్చేసరికి, కింద సముద్రం మీద ఎండ పడి, అలలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. అన్నయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"కొంచెం కిందికి దించు, ఒడ్డు చూద్దాం."

దించింది.

"అక్కడ పడవలున్నాయి. గాలం వేసేవాళ్ళుంటారా?"

"చూద్దాం, పట్టుకోండి" అని రిమోట్ ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన ఒక నిమిషం సూటిగా నడిపాడు. తర్వాత ఎటో తిప్పబోయి ఎటో తిప్పి, విమానాన్ని తిన్నగా ఇసుకలో దించాడు, ముక్కు ముందు. తప్పు చేసిన పిల్లవాడిలా చూశాడు. వదిన కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు చాలా రోజుల తర్వాత విన్నాను.

"పర్లేదు, అందరూ మొదట ఇలాగే దింపుతారు. మళ్ళీ ఎక్కండి" అంది.