పెద్దమ్మ ఎత్తుకోని పాప

మా పెద్దమ్మ పదిహేనేళ్ళుగా ఓ హాస్టల్ క్యాంటీన్లో గిన్నెలు తోముతోంది. ఆవిడ తోమిన పళ్ళెంలో మొహం చూసుకోవచ్చు. అందుకే అక్కడ అందరికీ ఆవిడ తళతళమ్మ.

పొద్దస్తమానం నీళ్ళలో నానీ నానీ రెండు చేతుల వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా మెత్తబడి, లోపల ఎర్రగా పుండైపోయింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గడం, ఆపితే మళ్ళీ మొదలు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కోడలికి, అంటే మా వదినకి, పాప పుట్టింది. అంటుకుంటుందేమోనని పెద్దమ్మ పాపని ముట్టుకుంటే ఒట్టు! నెలన్నర నుంచీ గుమ్మంలో నిలబడి చూడ్డమే. చేతులు కొంగు కింద దాచేసి, ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. అత్తయ్యకి నా బిడ్డంటే గిట్టదని వదిన లోలోపల కుమిలిపోతోంది.

ఓ రోజు ఆ చేతులు నా కంటపడ్డాయి. వెంటనే చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళా. ఈస్ట్ అనే ఫంగస్‌లా ఉంది, కాస్త చర్మం గీకి చూద్దాం అందావిడ. ల్యాబ్ ఆవిడ గీకి, గాజు పలక మీద మందు చుక్క వేసి మైక్రోస్కోపులో ఎంత వెతికినా ఏమీ లేదు. అనుమానమొచ్చి, పొద్దున్న చేతులకి ఏం చేశారని అడిగింది.

"డాక్టరు దగ్గరికి మురికి చేతులతో వస్తానా? పీచు పెట్టి రుద్ది రుద్ది కడిగి, ట్యూబు దట్టంగా పట్టించి మరీ వచ్చా," అంది పెద్దమ్మ గొప్పగా.

"భలేవారమ్మా! దొంగని పట్టుకోకముందే ఆనవాళ్ళన్నీ తోమేశారు."

వారం పాటు రుద్దకుండా, ట్యూబు రాయకుండా రమ్మన్నారు. వారం తర్వాత మళ్ళీ గీకి, ఈసారి మైక్రోస్కోపులో నాకూ చూపించారు. గుండ్రటి గింజలు, వాటికి బుడిపెల్లా పిల్ల గింజలు, మధ్యలో సన్నటి దారాలు. ఎంత బావున్నాయో! ఆ మాటే అంటే పెద్దమ్మ నెత్తిన ఒక్కటి మొట్టింది.

పాత ట్యూబు దురదని అణిచి ఫంగస్‌ని పెంచుతోందట. షుగరున్నా ఇలా వస్తుందని డాక్టరమ్మ ఆ పరీక్ష కూడా చేయించింది, షుగర్ లేదు. కొత్త క్రీము రెండు పూటలా రాయాలి, సందులు పొడిగా తుడుచుకోవాలి, తోమేటప్పుడు నూలు గ్లవ్స్ మీద రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి. పెద్దమ్మ అన్నిటికీ తలూపి, గొంతు తగ్గించి ఒక్కటే అడిగింది.

"మరి పాపని ఎప్పుడు ఎత్తుకోవచ్చమ్మా?"

పుండ్లు మాననివ్వండి, రెండు మూడు వారాలే కదా అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం వదినకి మొత్తం చెప్పేశా. నాతో ఒక్క మాటైనా అనొచ్చుగా అని ఏడ్చేసింది పాపం.

మూడో వారానికి పుండ్లు మానాయి. వదినే పాపని తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"పట్టుకోండి అత్తయ్యా. చూడండి, ఎంత బరువో."

పెద్దమ్మ ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. పది నిమిషాల్లో పాప నిద్రపోయింది. ఇంక ఉయ్యాల్లో వెయ్యండి అత్తయ్యా అని వదిన రెండుసార్లు అంది. పెద్దమ్మకి వినపళ్ళేదట.